శాంతి పద్దు ఎవరి చిట్టాలో నున్నది?

(మన సంఘ సర్వసభ్యసమావేశమున, పాతదస్త్రముల విషయము చర్చకు వచ్చినపుడు గావించిన ప్రసంగపాఠము)



నేడు మేము శాంతిని, అభివృద్ధిని గూర్చి పండితులు చేయు పరిశోధనలను గురించియు, ఆ పరిశోధనలకు విలువ కట్టు పద్ధతిని గురించియు మాటాడబోవుచున్నామని విని మీలో కొందరు నవ్వుకొనియుందురు. బరంపురము బజారులో పట్టుబట్టల అంగడి నడుపుకొనువారికి, మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారికి ఈ విషయముతో పని యేమి యని మీకు తోచుట సహజము. కాని పని యున్నది. మన సంఘపు ఇనుపపెట్టెలోని పాతదస్త్రములను చూడగోరి ఒక పరిశోధకుడు లేఖ వ్రాసియున్నాడు. ఇచ్చుటయా, మానుటయా అను ప్రశ్న రెండు నెలలుగా కార్యవర్గమును రెండు పక్షములుగా చేసినది. దానికి సమాధానము చెప్పవలెనన్నచో ఆ కాగితములు వారికి ఎందులకు కావలెనో, వారి లోకమున ఒక వ్రాతకు గౌరవము ఎట్లు వచ్చునో మనకు కొంత తెలియవలెను. మేము తెలిసికొన్నంత వరకు మీకు మనవి చేయుదుము.

ముందుగా ఆ పెట్టెలో నేమున్నదో పిన్నలకు చెప్పవలెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేకరాష్ట్రమై, గంజాము జిల్లా అందు చేరిననాటి నుండి మన పెద్దలు ఇచ్చటనే యుండిరి. పాఠశాలల విషయమై, అంగళ్ళ విషయమై, దేవాలయముల విషయమై వారు జరిపిన సంప్రదింపులు ఆ పుస్తకములలో నున్నవి. వానిలో ఒక కాగితము మాకు మిక్కిలి ప్రియమైనది. మా తండ్రిగారి కాలమున ఒక పండుగనాడు ఊరేగింపు దారి విషయమై రెండు భాషల యువకుల నడుమ మాట మీరి, నాలుగు దినములు అంగళ్ళు మూతపడినవి. అపుడు మన పెద్దలును, ఒడియా వర్తకులును ఒకే అరుగుమీద కూర్చుండి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. ఏ దారిన ఎవరు పోవలెను, పిల్లలు తప్పు చేసినచో ఎవరి పెద్దలు మందలింపవలెను అను సంగతులు అందున్నవి. నేటి వరకు దానిని ఎవ్వరును మీరలేదు.

పండ్రెండేండ్ల క్రిందట దూరప్రాంతమునుండి ఒక యువపరిశోధకుడు ఈ సంగతి విని మా అంగడికి వచ్చెను. మూడు దినములు కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చి, తెలిసినదంతయు చెప్పితిమి. ఆ కాగితము ప్రతిని గూడ చూపితిమి. వ్యాసము అచ్చయినపుడు పంపెదనని అతడు మాట యిచ్చి వెళ్ళెను. అది రాలేదు. మేమును మరచితిమి. గడచిన సంవత్సరము ఎమ్.ఏ. చదువుచున్న మా తమ్ముని కుమారుడు చేతిఫోనులో ఏదియో వెదకుచు, "పెదనాన్నగారూ, ఇది మన ఊరి సంగతి వలె నున్నదే" అనెను. చదివించుకొంటిమి. మేము చెప్పిన మూడు దినముల మాట నాలుగు వాక్యములైనది. మన పట్టణము "తూర్పుతీరమున ఒక వర్తకకేంద్రము" అయినది. మేము "ఒక తెలుగు వ్యాపారి" అయితిమి. ఇది యంతయు సహింపవచ్చును. కాని ఆ ఒడంబడిక అధికారుల చొరవవలన కుదిరెనని అందు వ్రాసియుండెను. అరుగుమీద కూర్చున్నవారు వర్తకులు. అధికారులు అచ్చటికి వచ్చినది అంతయు ముగిసిన పిదప.

ఆ వ్యాసము క్రింద ఒక అంకె యుండెను. ఆ అంకె యేమి యని అడిగితిమి. "ఇంతమంది తమ వ్రాతలలో దీనిని పేర్కొనిరి, ఎంత పెద్ద అంకె అయిన అంత గొప్ప" అని వాడు చెప్పెను. ఆ పేర్కొన్నవారిలో ఇద్దరు ఏమి వ్రాసిరో చూపుమంటిమి. ఇద్దరును అధికారుల చొరవ అను ఆ తప్పునే ఆధారముగా గైకొని, దానిపై తమ సిద్ధాంతములను కట్టియుండిరి. మాకు కోపము వచ్చిన మాట నిజము. చిట్టాలో ఒక పద్దు తప్పు పడినచో అది ఆవర్జాకు ఎక్కును. ఆవర్జానుండి సాలుకట్టు లెక్కకు ఎక్కును. ఎక్కినకొలది నిజమువలె కనబడును. గుమాస్తాను మందలించి మొదటి పద్దును దిద్దినగాని అది పోదు. ఇచ్చట మొదటి పద్దును దిద్దువారెవరు?

కోపము చల్లారిన పిదప, ఈ లెక్క యెట్టిదో తెలిసికొనగోరితిమి. ఒక పండితుడు వ్రాయుచు, "ఈ మాట నాది కాదు, ఫలానివారు ఫలాని గ్రంథమున చెప్పినది" అని ఒప్పుకొనుటను ఉటంకింపు అందురు. అరువు తెచ్చిన సరుకును అరువుగానే వ్రాసికొనుట వంటిదది. ఇది ధర్మమైన పని. ఈ అలవాటు లేనిచోట ఒకరి కష్టమును మరియొకరు దోచుకొందురు.

1955వ సంవత్సరమున యూజీన్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశస్థుడు "సైన్స్" పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, ఏ వ్రాతను ఏయే వ్రాతలు పేర్కొన్నవో తెలుపు సూచిక యొకటి యుండవలెనని చెప్పెను. న్యాయవాదులు పాతతీర్పులను వెదకుటకు అమెరికాలో వాడు షెపర్డ్ సూచికలు ఆయనకు మార్గము చూపినవి. 1964లో ఫిలడెల్ఫియా నగరమునందలి ఆయన సంస్థ విజ్ఞానశాస్త్రములకు అట్టి సూచికను వెలువరించెను. వెదకువానికి దారి చూపుటకు పుట్టిన ఈ సాధనము క్రమముగా తూనికరాయి యయ్యెను. ఒక పత్రిక గత రెండు సంవత్సరములలో 50 వ్యాసములు ప్రకటించెననుకొనుడు. ఈ సంవత్సరము వానిని ఇతరులు 100 మారులు పేర్కొన్నచో ఆ పత్రిక ప్రభావాంకము 2. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు పండితునకే అంకము కట్టు పద్ధతి చూపెను: పది వ్యాసములు ఒక్కొక్కటి పదిమారులకు తగ్గక పేర్కొనబడినచో ఆయన అంకము పది. 2004లోనే స్కోపస్, గూగుల్ స్కాలర్ అను రెండు పెద్ద ఏర్పాటులు వెలసి, ఈ లెక్క ఎవరి చేతికైనను అందునట్లు చేసినవి. మన దేశమున 2016 నుండి కేంద్రప్రభుత్వము ప్రకటించుచున్న విద్యాసంస్థల వరుసలలోను ప్రచురణలకును, ఉటంకింపులకును మార్కులు కలవు. ఉద్యోగములు, పదోన్నతులు, నిధులు వీని వెంబడి పోవుచున్నవి.

మన మాటలో దీనిని పరపతి యందుము. బజారులో పరపతి లేని వర్తకుడు నిలువజాలడు. కాని పరపతి వేరు, సరుకు వేరు. హుండీ పది చేతులు మారినంత మాత్రమున గిడ్డంగిలో పట్టు పెరుగదు. పండితుల పరపతి లెక్క "ఎవరు ఎవరిని తలచిరి" అనుదానిని చెప్పును. ఊరిలో శాంతి నెలకొన్నదో లేదో అది చెప్పదు. మేము నేడు చెప్పదలచిన ముఖ్యమైన మాట యిదియే.

అయినను ఆ శాస్త్రమును తృణీకరింపరాదు. నార్వేదేశీయుడు యోహాన్ గాల్టుంగ్ గారి సంగతి వినుడు. 1930లో జన్మించిన ఈయన యౌవనముననే గాంధీమహాత్ముని రాజకీయనీతిని గూర్చి ఆర్నె నెస్ అను తత్త్వవేత్తతో గూడి 1955లో ఒక గ్రంథము వ్రాసెను. 1959లో ఓస్లో నగరమున శాంతిపరిశోధనాలయమును స్థాపించెను. 1964లో దాని పత్రికను ప్రారంభించెను. 1969లో ఆ పత్రికలోనే ఒక ప్రసిద్ధవ్యాసము వ్రాసి, కత్తితో పొడుచుట మాత్రమే హింస కాదనియు, నివారింపదగిన బాధను నివారింపక పోవు సంఘవ్యవస్థయందును హింస కలదనియు చెప్పెను. క్షయవ్యాధికి మందు లేని కాలమున ఒకడు చనిపోయినచో అది విధి. మందుండియు వానికి అందక చనిపోయినచో అది హింస యని ఆయన తాత్పర్యము. కొట్లాట లేకుండుట ఒక శాంతి. న్యాయము కలిగియుండుట మరియొక శాంతి. ఈ భేదము తెలిసిన పిదప శాంతిని, అభివృద్ధిని విడదీసి మాటాడుట కష్టము.

ఆయనయే 1976లో శాంతిరక్షణ, శాంతిసంధానము, శాంతినిర్మాణము అని మూడు మార్గములను వేరుపరచి వ్రాసెను. 1992లో ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి బౌత్రోస్ ఘాలీగారు తమ నివేదికలో శాంతినిర్మాణమను మాటకు ప్రముఖస్థానమిచ్చిరి. 2005లో ఐక్యరాజ్యసమితి శాంతినిర్మాణసంఘమునే ఏర్పరచెను. గాల్టుంగ్ గారు 2024లో దివంగతులైరి. చూచితిరా, ఒక పండితుని వ్రాతలోని మాట ముప్పది యేండ్లలో దేశదేశముల ప్రతినిధులు కూర్చుండు బల్లమీదికి వచ్చెను. మార్గమున ఆ మాట ఎన్ని సభలలో నలిగెనో, ఎందరు పేరు చెప్పక వాడుకొనిరో ఏ సూచికయు పూర్తిగా చెప్పజాలదు. ప్రభావము పెద్దది, లెక్కకు చిక్కినది అందులో కొంతయే.

మరియొక ఉదాహరణము దీనికి విరుద్ధమైనది. ఇంగ్లండున లూయీ ఫ్రై రిచర్డ్సన్ అను గణితజ్ఞుడుండెను. క్వేకరు సంప్రదాయమునకు చెందినవాడగుటచే మొదటి ప్రపంచయుద్ధమున ఆయుధము పట్టక, ఫ్రాన్సులో ఆంబులెన్సు బండి నడపి గాయపడినవారిని మోసెను. వాతావరణమును గణితముచే ముందుగా తెలియుటకు 1922లో ఒక గ్రంథము వ్రాసిన ఘనుడాయన. అంతకు ముందే, వాతావరణశాఖ వైమానిక మంత్రిత్వశాఖ క్రిందికి పోగా, తన విద్య యుద్ధమునకు తోడ్పడరాదని 1920లో ఆ కొలువు విడిచెను. తరువాతి జీవితమున చాలకాలము యుద్ధములు ఎందులకు వచ్చునో లెక్కకట్టుటకు వెచ్చించెను. 1953లో ఆయన కన్నుమూసెను. ఆ యుద్ధగణితమును గూర్చిన రెండు గ్రంథములును 1960లో గాని పుస్తకములుగా అచ్చుకాలేదు. రెండు సంవత్సరముల ప్రభావాంకముతో ఈయనను తూచియుండినచో తక్కెడ కదలియుండునా? శాంతి అను పంట రెండేండ్లలో చేతికి వచ్చునది కాదు. మన ఒడంబడిక వ్రాసినవారి మనుమలు నేడు దాని ఫలము తినుచున్నారు.

రిచర్డ్సన్ గారి సంగతిలో మరియొక వింత గలదు. సరిహద్దులు ఎక్కువగా గల దేశములు ఎక్కువగా పోరాడునా యని చూచుటకు ఆయన సరిహద్దుల పొడవులను సేకరించెను. స్పెయిను, పోర్చుగలు దేశముల మధ్యనున్న సరిహద్దు ఒక్కటియే. ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, మరియొక లెక్కలో 1214 కిలోమీటర్లు. చిన్న కొలబద్దతో కొలిచినకొలది వంపులన్నియు లెక్కకు వచ్చి పొడవు పెరుగునని ఆయన గ్రహించెను. 1961లో, మరణానంతరము, ఇది అచ్చయ్యెను. 1967లో మాండెల్బ్రాట్ అను గణితజ్ఞుడు బ్రిటను సముద్రతీరపు పొడవును గూర్చి వ్రాసిన ప్రఖ్యాతవ్యాసమున దీనిని పేర్కొనెను. అటుపిమ్మట రిచర్డ్సన్ పేరు వినినవారిలో అనేకులు దానిని క్షేత్రగణితమున వినిరి. యుద్ధమును ఆపుటకు కొలిచిన కొలత ఆకారముల శాస్త్రమునకు ఉపయోగపడెను. అది నష్టమని మేమనము. కాని అంకె చూచి, ఏ పనికొరకు తలచిరో చెప్పజాలమని దీనివలన తెలియుచున్నది. సరిహద్దు ప్రక్క పుట్టి పెరిగిన మనకు మరియొక సంగతియు తెలియును. పటముమీద అది ఒక గీత. దగ్గరకు పోయి చూచినచో ఇండ్లు, వియ్యములు, బాకీలు.

తలచుట అన్నచో మెచ్చుట యనియు అనుకొనరాదు. 2004లో పాల్ కోలియర్, ఆంకె హెఫ్లర్ అను ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు అంతర్యుద్ధములను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. 1960 నుండి 1999 వరకు జరిగిన యుద్ధములను పరిశీలించి, ప్రజల మనోవ్యథలకంటె తిరుగుబాటునకు డబ్బు దొరకు అవకాశములే యుద్ధమునకు ముఖ్యకారణములని వారు వాదించిరి. ఈ రంగమున మిక్కిలి పేర్కొనబడిన వ్యాసములలో ఇది యొకటి. పేర్కొన్నవారిలో దీనిని ఖండించుటకే పూనుకొన్నవారు ఎందరో కలరు. వ్యథను అంకెలలో కొలుచుట ఎట్లని వారి ప్రశ్న. లెక్కలో మాత్రము పొగడినవాడును ఒకటియే, తెగడినవాడును ఒకటియే. తిరిగివచ్చిన సరుకును గూడ అమ్మకముక్రింద వ్రాసికొను అంగడిని మీరు చూచితిరా?

ఇక మన దేశమునకు, మన వృత్తికి దగ్గరి సంగతి. ఆశుతోష్ వర్ష్ణే అను ఆచార్యుడు 2002లో హిందూముస్లిముల కలహములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. 1950 నుండి 1995 వరకు జరిగిన అల్లర్లను వార్తాపత్రికనుండి సేకరించి చూడగా, మరణములలో దాదాపు సగము ఎనిమిది నగరములలోనే సంభవించెనని తేలెను. వానిలో హైదరాబాదు ఒకటి. తరువాత ఆయన ఆరు నగరములను జంటలుగా తీసికొని పోల్చెను: అలీగఢుతో కాలికట్టు, హైదరాబాదుతో లక్నో, అహమ్మదాబాదుతో సూరతు. ఒకచోట పుకారు మంటయగుటకును, మరియొకచోట ఆరిపోవుటకును కారణమేమి? ఇరుగుపొరుగుల పలకరింపు మంచిదే. కాని పెద్ద నగరమున అది చాలదు. ఇరువర్గములవారును కలిసియుండు వర్తకసంఘములు, కార్మికసంఘములు, వృత్తిసంఘములు ఉన్నచోట ఉద్రేకము అణగునని ఆయన సిద్ధాంతము. లక్నోలో చికన్ పనితనము ముస్లిము కళాకారులది, వ్యాపారము ఎక్కువగా హిందువులది. ఒకరు లేక ఒకరికి జరుగదు. 2013లో సౌమిత్ర ఝా అను మరియొక పండితుడు, మధ్యయుగమున సముద్రవ్యాపారము సాగించిన పాత రేవుపట్టణములలో ఇట్టి అల్లర్లు తక్కువగా జరిగెనని చూపి, ఒకరికొకరు అవసరమైన వ్యాపారసంబంధములే అందులకు మూలమని వ్రాసెను.

ఇది చదివించుకొన్నపుడు మాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. మన తండ్రులు అరుగుమీద చేసినది ఒక శాస్త్రమునకు విషయమని అపుడు తెలిసినది. కాని అంతటితో మురిసిపోరాదు. ఆ గ్రంథము వెలువడిన 2002లోనే గుజరాతులో ఘోరమైన మారణకాండ జరిగెను. ఆయన పోల్చిన నగరములలో అహమ్మదాబాదును ఒకటి. గ్రంథకర్త తప్పు ఇందు లేదు. రోగనిర్ణయము చేసిన వైద్యుని పుస్తకము గ్రంథాలయమున నున్నంత మాత్రమున రోగికి మందు అందదు. ఉటంకింపు ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు నడచును. పుస్తకమునుండి వీధికి నడచునది మనుష్యులే. ఆ నడక ఏ సూచికలోను పడదు.

పండితులలోను ఈ లోపమును గుర్తించినవారు కలరు. పత్రిక అంకమును బట్టి మనిషిని తూచవలదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడినవారు ఒక ప్రకటన సిద్ధపరచిరి. 2015లో లైడెన్ నగరము పేరిట వెలువడిన పది సూత్రముల పత్రమున ఒక సూత్రము మనకు ముఖ్యమైనది: స్థానికావశ్యకతలపై స్థానికభాషలలో జరుగు పరిశోధనను కాపాడవలెనని దాని భావము. 2019లో హెల్సింకీనుండి వచ్చిన మరియొక ప్రకటన, విద్వాంసుల వ్రాతలు బహుభాషలలో నుండవలెనని కోరినది. కాని ఆ పెద్ద సూచికలలో నేటికిని అత్యధికభాగము ఇంగ్లీషు పత్రికలదే. తెలుగువ్రాతకు అందు చోటు దొరకుట అరుదు. తెలుగున వ్రాసినది లెక్కలోనికి రాకున్నచో, తెలుగున జరిగినది జరుగనట్లే యగుచున్నది. మన బిడ్డలు ఒడియాలో చదువుదురు, ఇంగ్లీషులో పరీక్షలు వ్రాయుదురు, తెలుగు మాటాడుదురు. మన తాతల వ్రాత చదువగలవారు వారిలో ఎందరు? పెట్టెలోని పుస్తకములకు చెదలు ఒక్కటియే శత్రువు కాదు.

ఇచ్చట మేము ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. ఆ పరిశోధకునిపై కోపముతో మేము గడచిన మాసమున పెట్టె తెరిపించి, ఒడంబడిక నాటి మినిట్సు పుస్తకమును స్వయముగా చదివితిమి. మన పెద్దల పేర్లు అన్నియు ఉన్నవి. చందాలిచ్చినవారి పేర్లు రూపాయల వరుసలో నున్నవి. కాని మనతో సమముగా ఆ అరుగుమీద కూర్చున్న ఒడియా పెద్దల మాట వచ్చునప్పటికి "ఒడియా మిత్రులు కొందరు" అని మాత్రమే యున్నది. ఒడంబడికకు ఒడియా ప్రతి వ్రాసిన ఆయన పేరు లేదు. అంగళ్ళు మూతపడిన ఆ నాలుగు దినములు ఈ వీధికి ఆ వీధికి నడుమ పాలు, మందులు, కబురులు మోసిన ఆడువారి పేర్లు ఒక్కటియు లేవు. మా తల్లిగారు వారిలో ఒకరు. ఆమె ఆ సంగతి మాతో ఎన్నిమారులు చెప్పినను, పుస్తకమున వ్రాయవలెనని మాకును తోచలేదు. మమ్ము "ఒక తెలుగు వ్యాపారి" అని వ్రాసినందుకు కోపగించుకొంటిమి గదా, మన పుస్తకము వారినేమని వ్రాసినది? ఆ పరిశోధకుని చిట్టాలో లోపమున్నమాట నిజమే. మన చిట్టాయును నిర్దోషమైనది కాదు.

కావున దస్త్రములు ఈయరాదను పక్షమునకు మా మనవి ఇది. "మన సరుకుతో వారు వ్యాపారము చేసికొందురు" అని మీరనుట మాకు అర్థమగుచున్నది. ఆ దెబ్బ తిన్నవారము మేమే. కాని పెట్టెలో దాచిన సరుకు పాడగును. మనము చెప్పక దాచినచో ఆ తప్పు పద్దు అట్లే నిలిచి, మరి పదిమంది దానిని అరువు తెచ్చుకొందురు. అడిగినంతయు ఇచ్చివేయవలెనను పక్షమునకు మా మనవి వేరు. ఇంగ్లీషు పుస్తకమున మన ఊరి ప్రసక్తి వచ్చుట గొప్పయే. కాని బేరము కుదుర్చుకొనక సరుకు పంపు వర్తకుడు తరువాత ఎవరిని నిందించును? ఇచ్చుదము, షరతులతో ఇచ్చుదము.

మొదటిది, అసలు పుస్తకములు ఈ గదిని దాటరాదు. సంఘము ఖర్చుతో ప్రతి పుటకు ఛాయాచిత్రము తీయించి, ప్రతులనే ఇయ్యవలెను. ఒక ప్రతి మన గ్రంథాలయమున, ఒక ప్రతి ఊరి ఆవల మరియొక భద్రమైన చోట నుండవలెను. రెండవది, వ్రాయువారు ఏ పుస్తకము, ఏ తేదీ, ఏ పుట అనునవి తమ వ్యాసమున స్పష్టముగా పేర్కొనవలెను. సూచికలో మన సంఘమునకు అంకము రాకపోవచ్చును. చదువువాడు సరిచూచుకొనుటకు దారి యుండును. మూడవది, నాటి తగవులో చేయి చేసికొన్న యువకుల పేర్లు అచ్చువేయరాదు. వారి బిడ్డలు నేడు ఒకే బడిలో చదువుచున్నారు. శాంతిని గూర్చిన వ్రాత పాతగాయము రేపరాదు. ఊరడించినవారి పేర్లు మాత్రము, వారి కుటుంబములు సమ్మతించినచో, వ్రాయవలెను. నాలుగవది, అచ్చునకు పోవుటకు ముందు వ్యాసపు సారాంశమును రెండు పుటలలో తెలుగునను ఒడియాయందును మనకు పంపవలెను. దానిని ఇచ్చట చదివి, తప్పులున్నచో చెప్పుదము. అభిప్రాయమును మార్చుమని అడుగము, జరిగినది జరిగినట్లు వ్రాయుమని మాత్రమే అడుగుదుము.

అయిదవ షరతు పరిశోధకునకు కాదు, మనకు. అతడు వచ్చులోపల మన కథను మనమే మన పత్రికలో తెలుగున వ్రాయవలెను. ఆ నాలుగు దినములు చూచినవారు ఇంకను కొందరు మన మధ్య నున్నారు. ప్రతి ఆదివారము సాయంకాలము వారి ఇండ్లకు ఇద్దరు యువకులను పంపుదము. పెద్దలు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, చదివి వినిపించి, వారిచే సరియనిపించుకొనవలెను. ఒడియా మిత్రుల ఇండ్లకు గూడ పోవలెను. ఆ ఒడియా ప్రతి వ్రాసిన ఆయన కుమారుడు మా అంగడికి నాలుగు అంగళ్ళ అవతల నున్నాడు. మేము నిన్న ఆయనను కలిసికొని తండ్రిగారి పేరు మా పుస్తకమున చేర్చుటకు అనుమతి అడిగితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత లోపలికి పోయి, తండ్రిగారు దాచుకొన్న ఒడంబడిక ప్రతిని తెచ్చి మా చేతిలో పెట్టెను. మన పెట్టెలో నున్నదానికంటె అది చక్కగా నున్నది. తేదీ, సంతకములు అన్నియు స్పష్టముగా కనబడుచున్నవి. అధికారి సంతకము అందు లేదు.

మొదటి పద్దును దిద్దువారెవరని ఇంతకు ముందు అడిగితిమి. ఆ పత్రిక సంపాదకులకు మేము మర్యాదగా ఒక లేఖ వ్రాయించుచున్నాము. రెండు ప్రతుల చిత్రములను దానితో జతపరతుము. వారు దిద్దుదురో లేదో వారి ధర్మము. మనది మనము చేయుదము.

చదువుకొనుచున్న పిల్లలకు ఒక మాట. మీలో కొందరు రేపు పరిశోధకులగుదురు. అంకెలు మీ ఉద్యోగమునకు కావలెను, కాదనము. వర్తకుడు పరపతి వలదనునా? కాని మీరు ఒక ఇంటి అరుగుమీద కూర్చుండి మాట తీసికొన్నచో ఆ అరుగు బాకీ యున్నదని మరువవలదు. తిరిగివచ్చి, మీరు వ్రాసినది వారికి వారి భాషలో చదివి వినిపింపుడు. ఆ పని ఏ సూచికలోను జమ పడదు. ఆ ఊరిలో జమ పడును.

ఈ అయిదు షరతులతో దస్త్రముల ప్రతులను పరిశోధకునకు ఇచ్చుటకు సభవారు అంగీకరింపవలెనని ప్రతిపాదించుచున్నాము. మా తల్లిగారి పేరును, ఆమెతో గూడ ఆ వీధులలో తిరిగిన తక్కినవారి పేర్లను నేడే మినిట్సు పుస్తకమున వ్రాయుటకు అధ్యక్షులవారి అనుమతి కోరుచున్నాము.